అమెరికా సబర్బ్‌లో హైస్కూల్ ఎంపిక: రేటింగ్ చూశాక ఇంకా చూడాల్సినవి

అమెరికాలో ఇల్లు వెతుక్కునే తెలుగువాళ్లు ఏజెంటుకి చెప్పే మొదటి షరతు "హైస్కూల్ రేటింగ్ తొమ్మిదో పదో ఉండాలి" అని. వెబ్‌సైట్లు స్కూళ్లకి పదికి ఇచ్చే ఆ అంకెలో పెద్ద వాటా రాష్ట్రం పెట్టే పరీక్షల మార్కులది. ఆ మార్కుల్ని బట్టి చుట్టుపక్కల తల్లిదండ్రుల చదువు, సంపాదన ఏపాటివో బాగానే తెలుస్తుంది. లోపల పాఠం ఎలా చెబుతున్నారో అంతగా తెలియదు. ఎనిమిదికీ పదికీ మధ్య తేడా మీ పిల్లల రోజువారీ బతుకులో కనపడకపోవచ్చు. కావాల్సిన క్లాసులో సీటు దొరికిందా, ఆర్కెస్ట్రాలోనో టీమ్‌లోనో చోటు వచ్చిందా, తరగతిలో ఎన్నో ర్యాంకు, కోర్సులు, కాలేజీ దరఖాస్తుల్లో దారి చూపే స్కూల్ కౌన్సిలర్‌కి తన పేరైనా తెలుసా అన్నవి మాత్రం రోజూ కనపడతాయి. రెండు స్కూళ్లు చేతిలో పెట్టుకుని తేల్చుకోలేకపోతుంటే ఈ నాలుగింటి మీదే లెక్క వేయండి.

అన్నిటికంటే ముందు బౌండరీ

సబర్బ్ పబ్లిక్ హైస్కూల్‌కి (9 నుంచి 12 గ్రేడ్‌లు) ఫీజు లేదు, ఎంట్రన్స్ లేదు. మీ అడ్రసే మీ సీటు. ఏ అడ్రస్‌కి ఏ స్కూలో చెప్పే గీతే బౌండరీ. దీని వెనక చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1944 నాటి జీఐ బిల్లు (మాజీ సైనికులకి సాయం చేసే చట్టం) హామీతో వచ్చిన ఇంటి అప్పులు పట్టుకుని లక్షల కుటుంబాలు నగరాలు వదిలి శివార్లకు చేరాయి. నల్లజాతి కుటుంబాలకు చాలాచోట్ల ఆ ఇళ్లు అమ్మనే లేదు. అలా వచ్చినవాళ్ల పిల్లల కోసం 1950లు, 60లలో హైస్కూళ్లు వరసగా లేచాయి. మనవాళ్ల నోట తరచూ వినపడే న్యూజెర్సీలోని ఎడిసన్ జె.పి. స్టీవెన్స్, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ మిషన్ శాన్ హోసే రెండూ 1964లోనే మొదలయ్యాయి. కూపర్టినో మోంటా విస్టా 1969లో. స్కూళ్ల ఖర్చులో పెద్ద భాగం స్థానిక ప్రాపర్టీ ట్యాక్స్ మోస్తుంది కాబట్టి డబ్బున్న స్కూల్ డిస్ట్రిక్ట్‌కీ (ఒక ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్లన్నీ నడిపే స్థానిక సంస్థ) లేని డిస్ట్రిక్ట్‌కీ తేడా వచ్చింది. అది అమెరికా రాజ్యాంగానికి విరుద్ధం కాదని సుప్రీంకోర్టు 1973లో టెక్సస్ నుంచి వచ్చిన రోడ్రిగెజ్ కేసులో తేల్చేసింది. మరుసటి ఏడాది డెట్రాయిట్ కేసులో, జాతి వివక్షలో తమ పాత్ర రుజువు కాని సబర్బ్ డిస్ట్రిక్టులను నగరం పిల్లలతో కలిపే ప్రణాళికలోకి లాగకూడదంది. ఆ రెండు తీర్పులతో డిస్ట్రిక్ట్ గీతకి ఎక్కడలేని విలువ వచ్చింది. ఇంటి ధరలో మీరు కడుతున్నది కొంత ఆ గీత ఖరీదే.

కాబట్టి గీత ఎక్కడుందో సరిగ్గా తెలుసుకోవాలి. పోస్టల్ అడ్రసులో ఉన్న ఊరి పేరుకీ స్కూల్ డిస్ట్రిక్ట్‌కీ సంబంధం ఉండి తీరాలని లేదు. టెక్సస్‌లో డాలస్ దగ్గరి ప్లేనో, మెకిన్నీ ఊళ్లలో కొన్ని వీధులు ఫ్రిస్కో డిస్ట్రిక్ట్‌లోకి వస్తాయి. ఇళ్లు అమ్మే సైట్లలో కనపడే స్కూల్ పేరు పాతది కావచ్చు, పూర్తిగా తప్పు కూడా కావచ్చు. డిస్ట్రిక్ట్ సొంత వెబ్‌సైట్లో అడ్రస్ కొట్టి చూసే పేజీ ఉంటుంది. అక్కడ ఇంటి నంబరుతో సహా కొట్టండి. తర్వాత రిజిస్ట్రార్‌కి (స్కూల్లో చేర్పులు చూసేవారు) మెయిల్ పెట్టి మూడు ప్రశ్నలు అడగండి: ఈ అడ్రస్‌కి వచ్చే ఏడాది ఏ హైస్కూల్, ఆ స్కూల్ కెపాసిటీ ఎంత, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు. కెపాసిటీ దాటిపోయిన స్కూలైతే బౌండరీ మార్పు దగ్గర్లోనే ఉందనుకోవచ్చు.

కొత్త సబర్బులకీ పాతవాటికీ ఇక్కడే తేడా. ఫ్రిస్కోలాంటి చోట జనం పెరిగేకొద్దీ కొత్త హైస్కూల్ తెరుస్తూ పోయారు. 2022లో పాంథర్ క్రీక్ తెరిచేసరికి పన్నెండయ్యాయి. స్కూల్ తెరిచిన ప్రతిసారీ చుట్టుపక్కల గీతలు జరుగుతాయి. అలాంటప్పుడు చివరి ఏడాదిలో ఉన్న పిల్లలకి పాత స్కూల్లోనే కొనసాగే వెసులుబాటు చాలాసార్లు ఇస్తారు, కానీ బస్సు ఇవ్వకపోవచ్చు. తమ్ముడికో చెల్లికో ఆ వెసులుబాటు రాకపోవచ్చు. పాత సబర్బ్‌లో భయం వేరు. అక్కడ ఇళ్లు ఖరీదై, పిల్లలున్న కుర్ర కుటుంబాలు రాక, స్కూళ్లు ఖాళీ అవుతాయి. ప్లేనో డిస్ట్రిక్ట్ 2024లో రెండు ఎలిమెంటరీ, రెండు మిడిల్ స్కూళ్లు మూసేయడానికి ఓటు వేసింది. చికాగో పక్కన న్యూ ట్రయర్ హైస్కూల్ 1965లో రెండో క్యాంపస్ కట్టి, పిల్లలు తగ్గిపోయి 1985లో మూసి, మళ్లీ 2001లో తొమ్మిదో గ్రేడ్ క్యాంపస్‌గా తెరిచింది. ఒక సబర్బ్ జీవితచక్రమంతా ఆ ఒక్క భవనంలో చూడొచ్చు. మీ పిల్లలు ఇప్పుడు మూడో గ్రేడ్‌లో ఉండి మీరు హైస్కూల్ చూసి ఇల్లు కొంటున్నారంటే, ఆరేళ్ల తర్వాత గీత ఎక్కడుంటుందో పందెం కాస్తున్నారన్నమాట. ఎనిమిదో గ్రేడ్‌లో ఉంటే ఆ పందెం చిన్నది.

కొనక్కర్లేదు కూడా. అద్దెకున్నవాళ్ల పిల్లలకీ అదే సీటు. లీజు కాగితం, కరెంటు బిల్లు, పుట్టిన తేదీ ఆధారం, పాత స్కూల్ మార్కుల పత్రాలు, టీకాల రికార్డు అడుగుతారు. వీసా పరిస్థితిని బట్టి స్కూల్లో చేర్చుకోకపోవడం కుదరదని 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది టీకాల దగ్గర. ఆటలమ్మ టీకా మన ప్రభుత్వ షెడ్యూల్లో లేదు. ఇక్కడ చాలా రాష్ట్రాలు రెండు డోసులు అడుగుతాయి. గవదబిళ్లలు కలిసిన ఎంఎంఆర్ కాక ఎంఆర్ మాత్రమే వేయించుకున్నవాళ్లూ ఉంటారు. రెండు డోసుల మధ్య వారాల వ్యవధి కావాలి కాబట్టి జూన్‌లోనే మొదలుపెట్టండి, ఆగస్టులో పరుగులు తప్పుతాయి.

పెద్ద స్కూలా, మధ్యరకం స్కూలా

ఒకే మెట్రోలో మూడు పద్ధతులు చూడాలంటే డాలస్ ఉత్తర శివార్లు మంచి ఉదాహరణ. అలెన్‌లో ఊరంతటికీ ఒకే పెద్ద హైస్కూల్. ఆ స్కూల్ కోసం డిస్ట్రిక్ట్ 2012లో 6 కోట్ల డాలర్లతో 18,000 సీట్ల ఫుట్‌బాల్ స్టేడియం కట్టి, కాంక్రీటు పగుళ్లిచ్చి 2014లో మూసి, బాగుచేసి మళ్లీ 2015లో తెరిచింది. (స్కూళ్ల కట్టడాలకి అప్పు తేవాలా వద్దా అని జరిపే బాండు ఎన్నికల్లో ఊరు దేనికి ఓటు వేసిందో చూస్తే ఆ ఊరి మనసు తెలుస్తుంది. పాత బాండ్ల జాబితా డిస్ట్రిక్ట్ సైట్లో ఉంటుంది, ఓ పది నిమిషాలు చదవండి.) ఫ్రిస్కో ఉద్దేశపూర్వకంగానే స్కూళ్లను మధ్యరకంగా ఉంచి ఎక్కువ స్కూళ్లు కట్టింది. ప్లేనోలో 9, 10 గ్రేడ్‌లు ఒక హైస్కూల్లో, 11, 12 గ్రేడ్‌లు సీనియర్ హైలో. అంటే అక్కడి పిల్లలు మధ్యలో ఇంకోసారి భవనం మారతారు. సీనియర్ హైలో ఒక్కో గ్రేడ్‌లోనే పిల్లలు వెయ్యి దాటిపోతారు.

పెద్ద స్కూల్ గురించి మనవాళ్లు తరచూ పొరబడే లెక్క ఒకటుంది. అయిదు వేలమంది ఉన్న స్కూల్లోనూ బాస్కెట్‌బాల్ వర్సిటీ టీమ్ (స్కూల్ మొదటి జట్టు) ఒక్కటే, అందులో పన్నెండు నుంచి పదిహేను మంది. సైన్స్ ఒలింపియాడ్ టీమ్‌కి పదిహేను మందే. స్టూడెంట్ కౌన్సిల్ ప్రెసిడెంట్ ఒకరే. రెండు వేలమంది స్కూల్లోనూ అంతే. అమ్మాయి వాలీబాల్ ఓ మాదిరిగా ఆడుతుంది, ఆడాలనే కోరిక బలంగా ఉంది అంటే, పెద్ద స్కూల్లో సెలెక్షన్ రోజే కథ అయిపోవచ్చు. మధ్యరకం స్కూల్లో జూనియర్ వర్సిటీలోనైనా (రెండో జట్టు) చోటు దొరుకుతుంది. క్రాస్ కంట్రీ, ట్రాక్ లాంటి పరుగు పోటీల జట్లలో చాలా స్కూళ్లలో ఎవరినీ తీసెయ్యరు. టీమ్ కావాలి, పోటీ తట్టుకోలేదు అనుకునే పిల్లలకి అవి మంచి దారి.

మరి పెద్ద స్కూల్ గొప్పేమిటి? క్లాసుల టైమ్‌టేబుల్. ఇది బయటి నుంచి కనపడదు కాబట్టి దగ్గరగా చూద్దాం. పదకొండో గ్రేడ్ పిల్లవాడు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) ఫిజిక్స్ సి, పై స్థాయి ఆర్కెస్ట్రా, నాలుగో ఏడు స్పానిష్ అడిగాడు. స్కూల్లో రోజుకి ఏడు పీరియడ్లు. 1,800 మంది ఉన్న స్కూల్లో ఫిజిక్స్ సి అడిగినవాళ్లు పాతికమంది, కాబట్టి ఒకటే సెక్షన్, అది మూడో పీరియడ్. పై స్థాయి ఆర్కెస్ట్రా ఎక్కడైనా ఒకటే, అదీ మూడో పీరియడ్‌లోనే పడింది. ఒకటి వదులుకోవాలి. పెద్ద స్కూల్లో ఫిజిక్స్ సి మూడు సెక్షన్లుంటే రెండోది అయిదో పీరియడ్‌లో దొరుకుతుంది, ఏదీ వదలక్కర్లేదు. ఇలా ఒకే సెక్షన్ ఉండే కోర్సులను కౌన్సిలర్లు సింగిల్టన్ అంటారు. కోర్సు కేటలాగులో ముప్ఫై ఏపీలు ఉన్నాయని మురిసిపోకూడదు. కేటలాగు డిస్ట్రిక్ట్ మొత్తానికి అచ్చు వేస్తారు. తగినంత మంది అడగకపోతే ఆ కోర్సు ఆ ఏడాది నడవదు. "ఈ ఏడాది ఏ ఏపీలు నిజంగా నడుస్తున్నాయి, వాటిలో సింగిల్టన్లు ఏవి?" అని అడగండి. సమాధానం తడుముకోకుండా చెప్పే కౌన్సిలర్ దొరికితే ఆ స్కూల్‌కి ఒక మార్కు ఎక్కువ వేసుకోవచ్చు.

పీరియడ్ల పద్ధతి కూడా అడగాలి. రోజూ ఏడెనిమిది చిన్న పీరియడ్లు ఒక రకం. రోజు మార్చి రోజు తొంభై నిమిషాల క్లాసులు ఇంకో రకం. మూడోది, రోజుకి నాలుగే క్లాసులు పెట్టి ఏడాది కోర్సును ఒక సెమిస్టర్లో ముగించే పద్ధతి. దీనిలో చిక్కేమిటంటే ఏపీ పరీక్షలు మే నెలలోనే జరుగుతాయి. డిసెంబరులో కోర్సు అయిపోయిన పిల్లవాడు నాలుగు నెలలు ఆ పుస్తకం ముట్టకుండా పరీక్షకు కూర్చోవాలి. కాలిక్యులస్ మొదటి సెమిస్టర్లో పడితే ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. పైగా సంగీతం, లెక్కలు లాంటి రోజూ సాధన కావాల్సినవాటికి ఆరునెలల విరామం వచ్చి పడుతుంది.

ఏపీ, ఐబీ, డ్యూయల్ క్రెడిట్

మూడూ మంచివే, మూడూ అందరికీ పనికిరావు. ఏపీ 1950ల్లో మొదలైంది, కాలేజ్ బోర్డు నడుపుతుంది. ఒక్కో సబ్జెక్టు విడిగా తీసుకోవచ్చు, పరీక్షలో 1 నుంచి 5 వరకు స్కోరు, ఒక్కో పరీక్షకి దాదాపు వంద డాలర్లు. కొన్ని డిస్ట్రిక్టులు ఆ ఫీజులో కొంత భరిస్తాయి. స్కూల్లో వచ్చే గ్రేడ్ వేరు, మే పరీక్ష స్కోరు వేరు. క్లాసులో "A" గ్రేడ్ తెచ్చుకున్న పిల్లల్లో సగంమంది పరీక్షలో 3 దగ్గర ఆగిపోతుంటే ఆ స్కూల్లో మార్కులు ఉదారంగా వేస్తున్నారని అర్థం. ఈ స్కోర్ల పంపకం స్కూల్ ప్రొఫైల్లో ఉంటుంది. దాని సంగతి కిందకొస్తుంది.

ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమా 11, 12 గ్రేడ్‌లు రెండేళ్ల ప్యాకేజీ. ఆరు సబ్జెక్టులు, వాటిలో సాధారణంగా మూడు హయ్యర్ లెవెల్, మూడు స్టాండర్డ్. వీటికి తోడు థియరీ ఆఫ్ నాలెడ్జ్, 4,000 పదాల వ్యాసం, సేవ, ఆటలు, కళల కార్యక్రమం. మొత్తం 45 పాయింట్లు, డిప్లొమాకి కనీసం 24. రాయడం, వాదించడం ఇష్టమున్న పిల్లలకి ఇది అన్నిటికంటే మంచి చదువు, అందులో సందేహం లేదు. సియాటిల్ పక్క బెల్వ్యూలో ఇంటర్‌లేక్, ప్లేనో ఈస్ట్ లాంటి చోట్ల ఉంది. అయితే రెండు ఇబ్బందులున్నాయి. చాలా యూనివర్సిటీలు స్టాండర్డ్ లెవెల్ పేపర్లకు క్రెడిట్ (ఆ కాలేజీ కోర్సు అయిపోయినట్టు లెక్క) ఇవ్వవు. రెండోది మనకి ముఖ్యమైనది: ప్రాజెక్టు మారి పదకొండో గ్రేడ్ మధ్యలో ఊరు మారాల్సి వస్తే ఐబీ చెల్లాచెదురవుతుంది. కొత్త ఊళ్లో ఐబీ ఉన్నా అవే సబ్జెక్టులు, అదే లెవెల్లో దొరకడం అరుదు. ఉద్యోగం వల్ల కదలాల్సి రావచ్చనే అనుమానం ఉన్న ఇంటికి ఏపీయే క్షేమం.

డ్యూయల్ క్రెడిట్ అంటే హైస్కూల్లో ఉండగానే కమ్యూనిటీ కాలేజీ కోర్సు చదవడం. పరీక్ష ఒక్కరోజుదేం కాదు, సెమిస్టర్ మొత్తం చేసిన పనికి గ్రేడ్. ఉన్న రాష్ట్రపు పబ్లిక్ యూనివర్సిటీకి వెళ్లేవాళ్లకి డబ్బు, సమయం రెండూ మిగులుతాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో రన్నింగ్ స్టార్ట్ కింద 11, 12 గ్రేడ్ పిల్లలకి ట్యూషన్ ఫీజు లేదు. పుస్తకాలు, రాకపోకలు మనవే. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలు చాలావరకు హైస్కూల్ డిప్లొమాకి లెక్కపెట్టుకున్న కోర్సుకి మళ్లీ క్రెడిట్ ఇవ్వవు. ఇంకోటి, డాక్టర్ చదివించాలనుకునే తల్లిదండ్రులు ముందే తెలుసుకోవాల్సింది: ఈ కోర్సుల్లో వచ్చిన గ్రేడ్ శాశ్వతమైన కాలేజీ రికార్డు. మెడికల్ స్కూల్ దరఖాస్తులో జీపీఏ (గ్రేడ్ల సగటు) లెక్కకట్టేటప్పుడు పదహారేళ్ల వయసులో కమ్యూనిటీ కాలేజీలో వచ్చిన సి గ్రేడ్ కూడా చేరుతుంది. ఏపీలో 2 వస్తే ఆ స్కోరు ఎవరికీ పంపకుండా ఊరుకోవచ్చు, ఇక్కడ ఆ వీలు లేదు.

లెక్కల మెట్లు

పన్నెండులో కాలిక్యులస్ బీసీ (ఏపీ కాలిక్యులస్‌లో పై కోర్సు) కావాలంటే వెనక్కి లెక్కపెట్టండి: పదకొండులో ప్రీకాలిక్యులస్, పదిలో ఆల్జీబ్రా 2, తొమ్మిదిలో జామెట్రీ, ఎనిమిదిలో ఆల్జీబ్రా 1. పదకొండులోనే బీసీ ముగించాలంటే ఆల్జీబ్రా 1 ఏడులో పడాలి. అంటే హైస్కూల్ లెక్కలు ఏ మెట్టు మీద మొదలవుతాయన్నది మిడిల్ స్కూల్లోనే తేలిపోతుంది. కొన్ని డిస్ట్రిక్టులు ఆల్జీబ్రా, జామెట్రీ విడదీయకుండా ఇంటిగ్రేటెడ్ మ్యాథ్ 1, 2, 3 అని నేర్పుతాయి. అక్కడి నుంచి ఇక్కడికి మారే పిల్లలకి ఒక ముక్క రెండుసార్లు, ఇంకో ముక్క అసలు లేకుండా పోతుంది.

ఇండియాలో ఎనిమిదో తొమ్మిదో చదివి వచ్చిన పిల్లల మార్కుల పత్రం మీద "మ్యాథమెటిక్స్" అని మాత్రమే ఉంటుంది. అది చూసి కౌన్సిలర్ జాగ్రత్తకోసం ఆల్జీబ్రా 1లో వేసేస్తారు. పిల్లవాడికి రెండు నెలలు హాయిగా ఉంటుంది, తర్వాత విసుగు. సిలబస్ పేజీలు ప్రింటు తీసుకెళ్లి ప్లేస్‌మెంట్ టెస్ట్ అడగండి. టెక్సస్‌లో క్రెడిట్ బై ఎగ్జామ్ ఉంది: ఆ కోర్సు క్లాసులో చదవకుండా నేరుగా రాస్తే 80 శాతం, ముందే చదివి ఉంటే 70 శాతం రావాలి. తేదీలు ఏడాదిలో కొన్నే ఉంటాయి, నమోదు గడువు వారాల ముందే అయిపోతుంది.

ర్యాంకు దగ్గర పది రేటింగ్ ఎలా ఎదురు తిరుగుతుంది

టెక్సస్‌లో ఇది నిర్ణయాన్నే మార్చేస్తుంది. 1997 చట్టం ప్రకారం తరగతిలో పై పదిశాతంలో ఉన్నవాళ్లకి రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఆస్టిన్ క్యాంపస్‌కి మాత్రం ఆ గీత కుదించారు. చాలాకాలం పై 6 శాతం, 2026 శరదృతువు నుంచి 5 శాతం. 480 మంది తరగతిలో 24 మంది, 1,300 మంది తరగతిలో 65 మంది. శాతం ఒకటే కాబట్టి స్కూల్ పెద్దదా చిన్నదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, పక్క బెంచీలో ఎవరున్నారన్నది వస్తుంది. తరగతిలో మూడోవంతు పిల్లలు తొమ్మిదో గ్రేడ్ నుంచే ఏపీలు తీసుకునే స్కూల్లో, అన్నీ "A" గ్రేడ్లే తెచ్చుకున్న పిల్లవాడు పై 15 శాతంలో కూడా ఉండకపోవచ్చు. అదే పిల్లవాడు అయిదు మైళ్ల అవతల ఏడు రేటింగ్ స్కూల్లో 5 శాతంలోకి వస్తాడు. అయితే నేరుగా ప్రవేశం యూనివర్సిటీకే, మీరు కోరిన మేజర్‌కి (ప్రధాన సబ్జెక్టు) కాదు. కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్‌లో సీటు విడిగా చూసి ఇస్తారు. అక్కడ ర్యాంకు ఒక్కటే నడవదు.

ర్యాంకు ఎలా కడతారో కూడా డిస్ట్రిక్ట్‌కొక లెక్క. ఏపీకి అదనపు బరువు ఇస్తారు, ఆర్కెస్ట్రాకీ ఆర్ట్‌కీ ఇవ్వరు. అన్ని కోర్సులూ కలిపి సగటు తీసే చోట, నాలుగేళ్లు వయొలిన్ వాయించిన పిల్లకి ప్రతి ఏడూ "A" గ్రేడ్ వచ్చినా సగటు కిందికి దిగుతుంది. ప్రధాన సబ్జెక్టులు మాత్రమే లెక్కపెట్టే చోట ఈ నష్టం లేదు. "ర్యాంకు జీపీఏలో ఏ కోర్సులు చేరతాయి?" అన్న ఒక్క ప్రశ్న తొమ్మిదో గ్రేడ్‌కి ముందే అడగాలి, ఎందుకంటే పదకొండులో తెలిసినా చేసేదేమీ ఉండదు.

కాలిఫోర్నియాలో యూసీలు (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) స్కూల్‌లో పై 9 శాతంలో ఉన్నవాళ్లకి, అడిగిన క్యాంపస్‌లు రాకపోతే ఖాళీ ఉన్న ఇంకో క్యాంపస్‌లో సీటు చూపిస్తాయి. అక్కడ ముఖ్యం ఎ-జి జాబితా (యూసీలో చేరాలంటే చదివి ఉండాల్సిన కోర్సులు): పదిహేను కోర్సులు, వాటిలో పదకొండు సీనియర్ ఇయర్‌కి ముందే అవ్వాలి. న్యూజెర్సీ, వర్జీనియా వైపు చాలా స్కూళ్లు ర్యాంకు ఇవ్వడమే మానేశాయి.

మాగ్నెట్ స్కూళ్లు

మాగ్నెట్ అంటే అడ్రస్‌ని బట్టి కాక దరఖాస్తు పెట్టుకుని చేరే ప్రత్యేక పబ్లిక్ స్కూల్. ఉత్తర వర్జీనియాలో థామస్ జెఫర్సన్ సైన్స్ స్కూల్ (1985 నుంచి) పేరు తెలియని తెలుగు ఇల్లు లేదు. దాని కోసమే ఫెయిర్‌ఫాక్స్‌లో మంచి పేరున్న మిడిల్ స్కూల్ పక్కన ఇల్లు తీసుకునేవాళ్లున్నారు. ఆ ఎత్తు ఇప్పుడు పారదు. 2020లో ఎంట్రన్స్ పరీక్ష తీసేసి, ప్రతి పబ్లిక్ మిడిల్ స్కూల్‌కి దాని ఎనిమిదో గ్రేడ్‌లో 1.5 శాతానికి సమానమైన సీట్లు కేటాయించారు. కేసు అప్పీల్ కోర్టుకి వెళ్లి స్కూల్ బోర్డు పక్షాన తీర్పొచ్చింది, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. ఈ పద్ధతిలో గట్టి పోటీ ఉన్న మిడిల్ స్కూల్లో ఉండటం అనుకూలం కాకపోగా అడ్డం కావచ్చు. సియాటిల్ వైపు టెస్లా స్టెమ్ హైస్కూల్‌లో సీటు లాటరీ, అక్కడ కోచింగ్‌తో పనే లేదు. మాగ్నెట్ వస్తే సంతోషం. ఇల్లు మాత్రం అది రాకపోయినా ఫర్వాలేదనిపించే హైస్కూల్ బౌండరీలో తీసుకోండి. రోజూ బస్సులో గంట పోను, గంట రాను అయితే మార్చింగ్ బ్యాండ్, ఆటలు దాదాపు మర్చిపోవాల్సిందే.

బడి అయ్యాక

ఆగస్టు చివర్లో టెక్సస్ స్కూల్ పార్కింగ్ లాట్ పక్కగా వెళ్తే, ఎండలో తారు మీద తెల్ల గీతల మధ్య ట్రంబోన్లు పట్టుకుని వందమంది పిల్లలు అడుగులు లెక్కపెడుతూ కనపడతారు. అది మార్చింగ్ బ్యాండ్. జులై చివర్లో మొదలై అక్టోబరు, నవంబరు దాకా పిల్లల సాయంత్రాలన్నీ దానివే. రాష్ట్ర పోటీల సంస్థ యూఐఎల్ స్కూల్ సమయం కాక వారానికి ఎనిమిది గంటలే సాధన అని పరిమితి పెట్టింది. శుక్రవారం ఫుట్‌బాల్ ఆటలు, శనివారం పోటీల ప్రయాణాలు కలిపితే అలసట ఆ పరిమితిని ఎప్పుడో దాటేస్తుంది. అయినా తొమ్మిదో గ్రేడ్‌లో కొత్తగా ఊరికొచ్చిన పిల్లలకి స్నేహితులు దొరకాలంటే బ్యాండ్‌ని మించింది లేదు. బడి తెరవక ముందే ముఖాలు తెలుస్తాయి, మధ్యాహ్నం భోజనానికి ఎక్కడ కూర్చోవాలన్న బెంగ తీరుతుంది. ఫీజు వందల డాలర్లలో ఉంటుంది, వాయిద్యం అద్దె వేరు. బ్యాండ్‌కి డబ్బు కూడబెట్టే బూస్టర్ క్లబ్బు తల్లిదండ్రుల చేత పాప్‌కార్న్ కూడా అమ్మిస్తుంది.

1984 నుంచి టెక్సస్‌లో "నో పాస్, నో ప్లే" ఉంది: ఏ సబ్జెక్టులోనైనా 70కి తగ్గితే కనీసం మూడు వారాలు పోటీల్లో నిలబడకూడదు. కొన్ని డిస్ట్రిక్టులు ఏపీ లాంటి గట్టి కోర్సులకి మినహాయింపు ఇస్తాయి. ఆ జాబితా ముందే చూసుకుంటే, బ్యాండ్‌లో ఉన్న పిల్ల ఏపీ కెమిస్ట్రీ తీసుకోవడానికి భయపడక్కర్లేదు.

బడి ఎన్నింటికి మొదలవుతుందో ఎవరూ అడగరు, నాలుగేళ్లూ పిల్లల నిద్ర మాత్రం దాన్ని బట్టే. కాలిఫోర్నియాలో 2022 జులై నుంచి చాలావరకు హైస్కూళ్లు 8:30కి ముందు మొదలవకూడదు. వేరే రాష్ట్రాల్లో ఏడుంబావుకే గంట కొట్టే స్కూళ్లు ఇప్పటికీ ఉన్నాయి. బస్సు దూరం కూడా చూసుకోండి. న్యూజెర్సీలో రెండున్నర మైళ్లు దాటి ఉన్న హైస్కూల్ పిల్లలకే డిస్ట్రిక్ట్ బస్సు ఇచ్చి తీరాలి. రెండు మైళ్ల దూరంలో "స్కూల్ దగ్గరే" అని తీసుకున్న ఇంటికి రోజూ పొద్దున ఒకరు కారు తీయాల్సి రావచ్చు.

తెలుగు చదివిన పిల్లలకి ఒక లాభం ఉంది. చాలా రాష్ట్రాలు డిప్లొమా మీద సీల్ ఆఫ్ బైలిటరసీ (ఇంగ్లీషుతో పాటు ఇంకో భాష కూడా వచ్చన్న ముద్ర) ఇస్తాయి. 2011లో కాలిఫోర్నియా మొదలుపెట్టింది. దానికి పనికొచ్చే భాషా పరీక్షల్లో ఒకటైన అవాంట్ వాళ్ల స్టాంప్‌లో తెలుగు ఉంది. రాయడం రాకపోతే ఇంట్లో గలగలా మాట్లాడినా చాలదు. కొన్ని డిస్ట్రిక్టులు దానికి వరల్డ్ లాంగ్వేజ్ క్రెడిట్ కూడా ఇస్తాయి. ఇస్తామన్న మాట మెయిల్‌లో రాయించుకోండి.

ఏ కాగితం చూడాలి

స్కూల్ ప్రొఫైల్. కౌన్సిలింగ్ ఆఫీసు ప్రతి ఏడూ కాలేజీలకి పంపే రెండు, మూడు పేజీల పత్రం ఇది. స్కూల్ పేరు, "ప్రొఫైల్" అని కొడితే దొరుకుతుంది. జీపీఏ ఎలా కడతారు, ర్యాంకు ఇస్తారా, ఏ ఏపీలున్నాయి, ఎంతమంది రాస్తే ఎంతమందికి 3 లేదా ఆపైన వచ్చింది, పిల్లలు ఏ కాలేజీలకి వెళ్లారు అన్నీ అందులో ఉంటాయి. ప్రచారానికి రాసింది కాదు కాబట్టి నమ్మొచ్చు. దీని పక్కన రాష్ట్రం ఇచ్చే రిపోర్ట్ కార్డు పెట్టుకుని టీచర్ల అనుభవం, ఏటా మానేసి వెళ్లేవాళ్ల శాతం, గైర్హాజరు చూడండి. మంచి రేటింగ్ ఉండి టీచర్లు నిలవని స్కూలంటే లోపల ఏదో నలుగుతోందని అర్థం.

కౌన్సిలర్ ఒక్కరికి ఎంతమంది పిల్లలు? అమెరికన్ స్కూల్ కౌన్సిలర్ సంఘం సిఫార్సు 250. నాలుగు వందలు దాటిన స్కూళ్లకి కొదవలేదు. కాలేజీకి కౌన్సిలర్ రాసే సిఫార్సు ఉత్తరం అవసరం కాబట్టి, ఒకే కౌన్సిలర్ నాలుగేళ్లూ ఉంటారా, ఏటా మారతారా అన్నది కూడా అడగాలి.

రెండు స్కూళ్లు ఇంకా సమానంగానే తూగుతుంటే మా మాట ఇది. దేనిలోనైనా ఇప్పటికే రాష్ట్రస్థాయిలో ఉన్న పిల్లలకి, లేదా లెక్కల్లో రెండేళ్లు ముందున్నవాళ్లకి పెద్ద స్కూల్: వాళ్లకి కావాల్సిన పై క్లాసులు అక్కడే నడుస్తాయి. బిడియస్తులకి, అన్నిట్లో కొంచెం కొంచెం చేయాలనుకునేవాళ్లకి, ఇండియా నుంచి పదో గ్రేడ్‌లో దిగేవాళ్లకి మధ్యరకం స్కూల్. టెక్సస్‌లో ఉండి ఆస్టిన్ మీద కన్నుంటే రేటింగ్ కొంచెం తక్కువున్న స్కూల్‌ని కొట్టిపారేయకండి.

తేదీల విషయం కూడా చూసుకుని లీజు రాయించుకోండి. వచ్చే ఏడాది కోర్సులు పిల్లలు జనవరి, ఫిబ్రవరిలోనే ఎంచుకుంటారు, ఎన్ని సెక్షన్లన్నది వాటిని బట్టే నిర్ణయమవుతుంది. బ్యాండ్, ఆర్కెస్ట్రా ఆడిషన్లు వసంతంలో, వాలీబాల్, ఫుట్‌బాల్ సెలెక్షన్లు ఆగస్టు మొదట్లో లేదా అంతకు ముందే. ఆగస్టు రెండో వారంలో దిగే పిల్లలకి మిగిలేది ఎవరూ అడగని ఎలక్టివ్‌లు. సంతకమైన లీజు చేతిలో ఉంటే, ఇంట్లో దిగకముందే నమోదు చేసుకుని కోర్సులు అడగనిచ్చే డిస్ట్రిక్టులున్నాయి. జూన్‌లో ఆఫీసు మూసేలోగా రిజిస్ట్రార్‌ని ఆ మాట అడిగి ఉంచండి.